ఒక పనివాడు – ఎనిమిది సాంచాలు

సిరిసిల్లలో మగ్గాల వాడల వెంట నడిచే వారికి పగలూ రాత్రీ టకటకమనే చప్పుడు వినిపిస్తుంది. అది మరమగ్గాల చప్పుడు. అక్కడివారు మరమగ్గాన్ని సాంచా అంటారు. కార్ఖానాలోనికి పోయి చూచినచో ఒక్క కార్మికుడు నాలుగు సాంచాల నడుమనో, ఎనిమిది సాంచాల నడుమనో అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాడు. నేసేది యంత్రమే. పడుగు పోగుల మధ్యగా నాడెను విసరడము, పేకను దగ్గరకు కొట్టడము యంత్రము తనంతట తానే చేసుకొంటుంది. కాని నాడెలోని కండెకు చుట్టిన నూలు కొన్ని నిమిషాలలో అయిపోతుంది. అప్పుడు సాంచా ఆగుతుంది. కార్మికుడు వచ్చి కొత్త కండె పెట్టి దానిని మరల నడిపించవలె.

ఒక్క మనిషి ఎనిమిది యంత్రాలను ఎట్లు చూడగలుగుతున్నాడు? లెక్క వేసి చూచినచో ఇందులోని సూక్ష్మము తెలుస్తుంది. ఒక కండె 6 నిమిషాలు, అనగా 360 సెకన్లు వస్తుందనీ, కండె మార్చడానికి 20 సెకన్లు పడుతుందనీ అనుకొన్నట్లయితే, ఒక్కొక్క సాంచాకు 380 సెకన్లకు ఒకసారి కార్మికుని అవసరము కలుగుతుంది. ఎనిమిదింటికీ కలిపి అతడు చేయవలసిన పని 160 సెకన్లే. మిగిలిన 220 సెకన్లు చేతిలో ఉన్నట్లే. ఇట్లు గాక, మొదటి సాంచా ముందు నిలబడి దాని కండె అయిపోయే దాకా కాచుకొని, మార్చి, తరువాతనే రెండవదాని వద్దకు పోయే పనివాడు ఉన్నాడనుకొన్నచో, ఎనిమిదింటిని చుట్టి రావడానికి అతనికి 3,040 సెకన్లు పడుతుంది. అందులో ఒక్కొక్క సాంచా నేసేది 360 సెకన్లు మాత్రమే. అనగా ఎనిమిదవ వంతుకన్న తక్కువ.

ఇద్దరి చేతి వేగములో భేదము లేదు. ఒకడు నిలబడి కాచుకొంటాడు. మరొకడు కాచుకొనే పనిని యంత్రానికి వదలి తాను కదులుతాడు. భేదమంతా ఇదే. నేటి ఫోనులలోను, కంప్యూటర్లలోను, ఇంటర్నెట్టు పేజీలను చూపే బ్రౌజర్లలోను నడిచే ప్రోగ్రాములకు ఈ సూత్రమే ఆధారము. దీనిని అసమకాలిక కార్యనిర్వహణ అంటారు. ఆ పనులను నడిపించే యంత్రాంగానికి రన్‌టైమ్ అని పేరు.

నిరీక్షణ ఖరీదు

జగిత్యాలలో ఒక విద్యార్థిని పదవ తరగతి ఫలితము చూచుకొనడానికి ఫోనులో తన హాల్ టికెట్టు నంబరు నొక్కినది. ఆ నంబరు దూరాన ఉన్న సర్వరు కంప్యూటరుకు పోయి, జవాబు తిరిగి రావడానికి సెకనులో 25వ వంతు పట్టినదనుకొన్నచో, మనిషికి అది రెప్పపాటుకన్న తక్కువ. కాని ఫోనులోని ప్రాసెసరు సెకనుకు 300 కోట్ల సార్లు టిక్కుమనేదైతే, ఆ కాస్త సమయములోనే అది 12 కోట్ల టిక్కులు పూర్తి చేస్తుంది. ఒక్కొక్క టిక్కును ఒక సెకనుగా సాగదీసినచో 12 కోట్ల సెకన్లు దాదాపు నాలుగేండ్లు అవుతాయి. ఒక ఉత్తరము వేసి, దాని జవాబు కొరకు నాలుగేండ్లు వాకిట్లో నిలబడి ఉండే మనిషి ఎట్టివాడో, జవాబు వచ్చేదాకా ఊరక కాచుకొనే ప్రాసెసరు అట్టిది.

రెండవ కొసన సర్వరు ఉన్నది. ఫలితాల నాడు దాని వద్దకు ఒకేసారి 10,000 మంది వచ్చినారనుకొన్నచో, వారిలో ప్రతి ఒక్కరి పనిలోను ఎక్కువ భాగము నిరీక్షణే: డిస్కునుండి మార్కులు రావలె, తీగమీద అక్షరాలు పోవలె. పాత పద్ధతిలో వచ్చిన ప్రతి ఒక్కరికి ఒక పనివానిని కేటాయించేవారు. కంప్యూటరులో ఇట్టి పనివానిని త్రెడ్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు దారము అనియే అర్థము. ఒక్కొక్క త్రెడ్‌కు 1 మెగాబైటు జ్ఞాపకస్థలము కేటాయించినచో 10,000 మందికి 10,000 మెగాబైట్లు కావలె. అట్లు గాక, ప్రతి పనికి సంబంధించి ఎక్కడ ఆగినది, ఏమి గుర్తుంచుకోవలె అన్న చీటీ మాత్రమే దాచినచో, చీటీకి 2 కిలోబైట్ల చొప్పున 20 మెగాబైట్లతో సరిపోతుంది. అనగా 500వ వంతు. ఒకే యంత్రము 10,000 మందిని ఎట్లు భరించగలదన్న ప్రశ్నను 1999లో డాన్ కెగెల్ అనే ఇంజనీరు స్పష్టముగా ముందుకు తెచ్చినాడు. తరువాతి కృషిలో చాలా భాగము దానికి జవాబు వెదకడమే.

మూడు అంగములు

ఏ రన్‌టైమ్‌ను విప్పి చూచినా మూడు అంగములు కనిపిస్తాయి.

మొదటిది, నడుమ ఆగి మరల సాగగల పని. మామూలు ప్రోగ్రాము మొదలుపెడితే కొసదాకా పోతుంది. ఇది అట్లు కాదు. ఫలితము చూపే పనిలో మూడు మజిలీలు ఉన్నవనుకొందురు గాక: నంబరు పంపుట, జవాబు అందుకొనుట, తెరమీద చూపుట. మొదటి మజిలీ ముగియగానే ఆ పని తన మజిలీ సంఖ్యను, హాల్ టికెట్టు నంబరును చీటీమీద వ్రాసిపెట్టి పనివానిని వదలివేస్తుంది. జవాబు వచ్చిన పిమ్మట ఆ చీటీ చూచి రెండవ మజిలీనుండి సాగుతుంది. ఈ విధముగా చీటీలుగా మార్చే శ్రమను నేటి భాషలలో కంపైలరే చేస్తుంది. వ్రాసేవారు ఆగవలసిన చోట ‘అవెయిట్’ అన్న ఒక్క మాట పెడితే చాలును. నడుమ ఆగి సాగే ఇట్టి ప్రోగ్రాములకు కోరొటీన్ అని పేరు. ఆ పేరుతో వాటిని వివరించిన మెల్విన్ కాన్వే వ్యాసము 1963లో వెలువడినది.

రెండవది, సిద్ధముగా ఉన్న పనుల వరుస. పనివాడు ఈ వరుసలో ముందున్న పనిని తీసుకొని, అది ఆగేదాకా నడిపి, తరువాతి దానిని తీసుకొంటాడు.

మూడవది, మేలుకొలుపు. నిరీక్షిస్తున్న పనికి కావలసినది రాగానే దానిని మరల వరుసలో చేర్చే పిలుపు ఇది. సాంచాలలో దీని ప్రాముఖ్యము కంటికి కనిపిస్తుంది. పేక నూలు అయిపోయినప్పుడు సాంచా తనంతట ఆగుతుంది, ఆగడమే పిలుపు. కాని పడుగు పోగు తెగితే ఆపే ఏర్పాటు లేని సాదా సాంచాలు అనేకము ఉన్నవి. వాటిలో పోగు తెగినా మగ్గము ఆగదు. బట్టలో తప్పు పడుతూనే ఉంటుంది. అందుకే కార్మికుడు ప్రతి సాంచాను మాటిమాటికి కంటితో చూడవలసి వస్తుంది. కంప్యూటరులోను ఈ రెండు పద్ధతులు ఉన్నవి. వచ్చినదా, వచ్చినదా అని తిరిగి తిరిగి అడుగుట ఒకటి. వచ్చినప్పుడు చెప్పించుకొనుట రెండవది. రెండవ పద్ధతికే విండోస్ ఎన్‌టీ 1994లో, ఫ్రీబీఎస్‌డీ 2000లో, లినక్సు 2002లో ప్రత్యేక ఏర్పాట్లు సమకూర్చుకొన్నవి.

పని ఎక్కడ ఆగుతుంది?

ఈ పద్ధతిలో ఒక నియమము ఉన్నది. పనివాడు నడుస్తున్న పనిని మధ్యలో బలవంతముగా ఆపడు. పని తానుగా ఆగినప్పుడే మరొక పనికి అవకాశము.

కోరుట్ల మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గము దీనికి మంచి ఉదాహరణము. 2017లో పూర్తియైన ఆ మార్గములో ఉన్నది ఒకే పట్టాల జంట. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వవలసినచో, అదనపు పట్టాలున్న స్టేషనులోనే ఇవ్వవలె, నడిదారిలో వీలుపడదు. ప్రోగ్రాములో అవెయిట్ అన్న ప్రతి చోటూ ఒక స్టేషను వంటిది. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్నచో బండ్లు సాఫీగా నడుస్తాయి. నూరు మైళ్ళ దాకా స్టేషనే లేకపోతే ఒక బండి కొరకు అన్నీ ఆగవలసినదే.

రెండు ఇండ్లు, రెండు మర్యాదలు

ఇంతవరకు చెప్పినది అన్ని రన్‌టైములకు సమానము. చిక్కు వచ్చేది, ఒకే ప్రోగ్రాము బ్రౌజరులోను, ఫోను లేక కంప్యూటరు మీద నేరుగాను నడవవలెనన్నప్పుడు.

బ్రౌజరు ఇల్లు చిన్నది. 1995లో నెట్‌స్కేపు సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టును తయారు చేసినప్పుడు, అది పేజీలోని చిన్న చిన్న పనులకు ఉద్దేశింపబడినది. పేజీని నడిపించే ముఖ్యమైన త్రెడ్ ఒక్కటే. ప్రోగ్రాము నడపడము, వ్రేలి తాకిడికి బదులు చెప్పడము, తెరమీది బొమ్మను సిద్ధము చేయడము, అన్నీ దాని తలమీదనే ఉన్నవి. తెర సెకనుకు 60 సార్లు మారవలెనన్నచో ఒక్కొక్క మార్పుకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ప్రోగ్రాము పనివానిని వదలకపోతే తెర తడబడుతుంది. కొన్ని సెకన్లు పట్టుకొని కూర్చున్నచో పేజీ కొయ్యబారిపోతుంది. పైగా పనులను తిప్పే చక్రము బ్రౌజరుదే. ప్రోగ్రాము ఆ ఇంటికి అతిథి. పిలిచినప్పుడు వచ్చి, పని చేసి, వెళ్ళిపోవలె. ఆ ముఖ్యమైన త్రెడ్ మీద ఒక పని ముగిసేదాకా నిలిచి కాచుకొనడానికి నేటి బ్రౌజర్లు సరియైన సాధనమును కూడ ఇవ్వవు.

ఇక రెండవ ఇల్లు ఆపరేటింగు సిస్టము మీద నేరుగా నడిచే ప్రోగ్రామునది. ఇది సిరిసిల్ల సమీపాన బద్దెనపల్లి టెక్స్‌టైలు పార్కులోని పెద్ద షెడ్డు వంటిది. పనివాండ్రు పలువురు ఉండవచ్చును. చక్రమును ప్రోగ్రామే తిప్పుకొంటుంది. ఒక త్రెడ్ కాసేపు నిలిచి కాచుకొన్నా తక్కినవి పని చేస్తూనే ఉంటాయి. ఒక్కొక్క త్రెడ్‌కు ఒక వరుస ఉంటుంది. తన వరుస ఖాళీయైన త్రెడ్ పక్కవాని వరుసనుండి కొన్ని పనులను తీసుకొంటుంది. దీనివలన పని సమముగా పంచబడుతుంది. అయితే ఒకరి వద్ద ఆగిన పని మరొకరి వద్ద సాగవచ్చును గనుక, దాని చీటీలోని వస్తువులన్నీ ఒక చేతినుండి మరొక చేతికి క్షేమముగా మారగలిగినవై ఉండవలె. బ్రౌజరులోనైతే పేజీకి సంబంధించిన వస్తువులు ముఖ్యమైన త్రెడ్‌ను విడిచి పోజాలవు.

రెండింటికీ ఒకే ప్రోగ్రాము

ఈ రెండు ఇండ్లలోను ఇమిడే ప్రోగ్రామును ఎట్లు వ్రాయవలె? అనుభవము నేర్పిన జవాబు ఇది: కష్టమైన ఇంటి మర్యాదను అనుసరించి వ్రాయవలె. ఎక్కడా నిలిచి కాచుకొనని ప్రోగ్రాము చిన్న ఇంట్లోను నడుస్తుంది, పెద్ద షెడ్డులోను నడుస్తుంది. నిలిచి కాచుకొనే ప్రోగ్రాము షెడ్డులోనే నడుస్తుంది; చిన్న ఇంట్లో పెట్టగానే ఇల్లంతా స్తంభించిపోతుంది.

కనుక ప్రోగ్రామును రెండు పొరలుగా చేస్తారు. పై పొరలో అసలు పని ఉంటుంది: ఏమి పంపవలె, వచ్చినదానిని ఎట్లు చదవవలె, దేని తరువాత ఏది. ఇది రెండు చోట్లా ఒకటే. క్రింది పొర పలుచనిది. పనిని వరుసలో చేర్చుట, గడియారము, నెట్‌వర్కు, ఈ మూడింటిని అది ఆ ఇంటి సాధనములతో సమకూరుస్తుంది. బ్రౌజరులో మేలుకొలుపు అందించేది బ్రౌజరు చక్రము. నేరుగా నడిచే చోట ఆపరేటింగు సిస్టము.

ఈ ఏర్పాటు ఒక్కనాడు కుదిరినది కాదు. రయన్ డాల్ 2009లో నోడ్ అనే రన్‌టైమ్ ద్వారా బ్రౌజరు భాషను సర్వరులోనికి తెచ్చినాడు. దాని క్రింది పొరయైన లిబ్‌యూవీ వివిధ ఆపరేటింగు సిస్టముల భేదములను కప్పిపుచ్చుతుంది. రాబోయే జవాబుకు హామీపత్రము వంటి ‘ప్రామిస్’ జావాస్క్రిప్టు ప్రమాణములో 2015లోను, అవెయిట్ అన్న మాట 2017లోను చేరినవి. ఇతర భాషలలో వ్రాసిన ప్రోగ్రాములను బ్రౌజరులో వేగముగా నడిపించే వెబ్ అసెంబ్లీ 2017లో ముఖ్యమైన నాలుగు బ్రౌజర్లలోను వచ్చి, 2019 డిసెంబరులో ప్రమాణముగా అంగీకరింపబడినది. అదే సంవత్సరము నవంబరులో రస్ట్ భాషలో అవెయిట్ స్థిరపడినది. ఆ భాష నిర్మాతలు రన్‌టైమును భాషలో భాగము చేయలేదు. అందువలన అదే పనిని నేరుగా నడిచే చోట టోకియో వంటి రన్‌టైమ్ నడుపుతుంది. బ్రౌజరులోనైతే ఆ పనిని ఒక ప్రామిస్‌గా మార్చి బ్రౌజరు చక్రానికే అప్పగిస్తారు. కాట్లిన్ భాషలోను ఇట్టి ఏర్పాటే ఉన్నది. అందులో నిలిచి కాచుకొనే ‘రన్ బ్లాకింగ్’ అనే సాధనము నేరుగా నడిచే చోట దొరుకుతుంది. జావాస్క్రిప్టుగా మార్చే చోట దొరకదు. రెండు ఇండ్ల మర్యాదా భేదము భాషలోనే ఈ విధముగా కనిపిస్తుంది.

బ్రౌజరులో అదనపు పనివాండ్రు బొత్తిగా లేరనరాదు. వెబ్ వర్కర్లు అనే ప్రత్యేక త్రెడ్లను తెచ్చుకోవచ్చును. కాని అవి పేజీని తాకజాలవు. సాధారణముగా ఉత్తరాల మూలముగానే మాట్లాడుకొంటాయి. ఒకే జ్ఞాపకస్థలమును పంచుకొనే సౌకర్యమును, స్పెక్టర్ అనే లోపము 2018 జనవరిలో బయటపడినప్పుడు బ్రౌజర్లు నిలిపివేసినవి. తరువాత కట్టుదిట్టములు చేసి, వాటిని పాటించే పేజీలకు మాత్రమే మరల ఇచ్చినవి.

ఎక్కడ దెబ్బ తింటుంది?

జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వంటి చోట్ల చదివే విద్యార్థులు ఇట్టి ప్రోగ్రాములనే వ్రాయవలసి ఉంటుంది. మొదటిసారి వ్రాసేవారికి తరచుగా ఎదురయ్యే పొరపాట్లు నాలుగు.

స్టేషను లేని ప్రయాణము మొదటిది. లక్ష పేర్లను వరుసపెట్టే పనిని ఒక్క ఊపున చేయించినచో అంతసేపు తెర కదలదు. దానిని తునకలుగా చేసి, తునకకు తునకకు మధ్య పనివానిని వదలవలె. లేక వర్కరుకు అప్పగించవలె. ఇందులోను ఒక మెలకువ కావలె. ప్రామిస్ నెరవేరిన తరువాతి పనులను బ్రౌజరు తెరను మార్చకముందే పూర్తిచేస్తుంది. అవి ఒకదానినుండి ఒకటి పుట్టుకొని వస్తూ ఉన్నచో, అవెయిట్లు ఎన్ని ఉన్నా తెరకు అవకాశము రాదు.

మేలుకొలుపు తప్పిపోవుట రెండవది. జవాబు వచ్చినది, కాని పనిని వరుసలో చేర్చలేదు. తప్పు అని ఎక్కడా చూపదు. పని శాశ్వతముగా నిద్రపోతుంది.

సగములో మానివేయుట మూడవది. విద్యార్థిని జవాబు రాకముందే పేజీని మూసివేయవచ్చును. అప్పుడు పని చీటీని పారవేస్తారు. దరఖాస్తు సగము భద్రపరచి ఆగినచో నష్టము కలుగుతుంది. కనుక ప్రతి స్టేషనులోను, ‘ఇక్కడితో ప్రయాణము ఆగిపోతే సామాను ఏ స్థితిలో ఉంటుంది’ అని ఆలోచించుకొనవలె.

గడియారమును నమ్ముట నాలుగవది. పేజీ తెరవెనుకకు పోయినప్పుడు బ్రౌజర్లు గడియారపు పిలుపులను సెకనుకు ఒకటిగాను, కొన్ని సందర్భాలలో నిమిషానికి ఒకటిగాను తగ్గిస్తాయి. నేరుగా నడిచే చోట సరిగా నడిచిన లెక్క ఇక్కడ తప్పుతుంది.

తరగతిలో ఒక ప్రయోగము

దీనిని బోధించడానికి కంప్యూటరు అవసరము లేదు. ఎనిమిది మంది విద్యార్థులను కూర్చుండబెట్టి, ఒక్కొక్కరు మనసులో 60 దాకా, సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టి చెయ్యి ఎత్తవలెనని చెప్పవలె. మరొక విద్యార్థి పనివాడు. చెయ్యి ఎత్తినవారి పలకమీద అతడు ఒక గుర్తు వేస్తాడు. దానికి 3 సెకన్లు పడుతుందనుకొనవచ్చును. మొదటిసారి అతడు ఒక్కొక్కరి ముందు నిలబడి లెక్క మొదలుపెట్టించి, గుర్తు వేసిన తరువాతనే రెండవవారి వద్దకు పోవలె. 504 సెకన్లు పడుతుంది. రెండవసారి అందరూ కలిసి లెక్క మొదలుపెట్టవలె. ఎత్తిన చేతుల వద్దకే అతడు పోవలె. సుమారు 84 సెకన్లలో పని ముగుస్తుంది. మూడవసారి ఒక విద్యార్థి, గుర్తుకు బదులుగా ఒక పెద్ద భాగాహారము చేసి పెట్టుమని పనివానిని కోరవలె. తక్కిన చేతులన్నీ ఎత్తినవి ఎత్తినట్లే ఉండిపోతాయి. నాలుగవసారి ఒకరు కావలెనని చెయ్యి ఎత్తకుండా ఊరుకోవలె. ఆ పలక ఎన్నటికీ ఖాళీగానే ఉంటుంది. రెండు పద్ధతుల భేదము, రెండు పెద్ద తప్పులు పిల్లలు తమ కళ్ళతోనే చూస్తారు.

ఈ పద్ధతి పనివాని బలమును పెంచదని కూడ చెప్పవలె. అది వృథా నిరీక్షణను తీసివేస్తుంది, అంతే. మొదటి లెక్కకు మరల పోయినచో, 380 సెకన్లలో 20 సెకన్ల పనులు 19 మాత్రమే పడతాయి. ఇరవయ్యవ సాంచాను చేర్చిన నాటినుండి ఏదో ఒకటి ఎప్పుడూ ఆగియే ఉంటుంది. అప్పుడు కావలసినది మరింత తెలివైన రన్‌టైమ్ కాదు, మరొక పనివాడు.

ఆ 19 అన్న సంఖ్య ప్రాసెసరుకు చెల్లుతుంది. సాంచాల నడుమ తిరిగే మనిషికి చెల్లదు. ఒక సాంచానుండి మరొకదానికి నడవడము, తెగిన పోగులను వెదకడము, మంచినీళ్ళు త్రాగడము, కాళ్ళ నొప్పులు ఆ లెక్కలో లేవు. అతని కూలి నేసిన బట్ట మీటర్లను బట్టి ఉంటుంది గనుక, ఆగిన సాంచా ప్రతి నిమిషము అతనికి నష్టమే. ఆ నష్టము పడకుండా, ఒకచోట నిలబడక, పిలిచినచోటికి పోయి పని చక్కబెట్టే నేర్పును సిరిసిల్ల కార్మికుడు ఏ గ్రంథములోను చదివి నేర్చుకొనలేదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాల కృషితో యంత్రానికి నేర్పినది ఆ నేర్పునే.